అమ్మ దరఖాస్తులో భూతకాలం

మా అమ్మకు యాభై ఏళ్లు నిండిన ఏడాది బ్రిటన్‌లోని ఒక యూనివర్సిటీ ఆమెకు సీటిచ్చింది. ఆ సంగతి నాకు చెప్పిన తీరు చూస్తే మాత్రం, కూరగాయలతో కరివేపాకు వేయించుకోవడం మరిచిపోయానని చెప్పినట్టే ఉంది. ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీర మార్చుకుని, నా ముందు టీ గ్లాసు పెట్టి, దాని పక్కన మడత పెట్టిన కాగితం ఒకటి పెట్టింది.

“ఇది కాస్త చదివి పెట్టవే. ఇంగ్లీషైతే అర్థమైంది గానీ నమ్మబుద్ధి కావడం లేదు,” అంది.

చదివాను. రెండోసారి కూడా చదివాను. టీ చల్లారిపోయింది. చెవులు వినబడని పిల్లలకు చదువు చెప్పే టీచర్ల కోసం ఏడాది కోర్సు, అందులో అమ్మకు చోటు. ఎప్పుడు అప్లై చేశావని అడిగితే, “స్టాఫ్ రూములో, మధ్యాహ్నం పూట, ఫోన్లో,” అంది. అన్నం తినేటప్పుడు ఫోన్ చూడొద్దని ఏళ్ల తరబడి నన్ను సతాయించిన మనిషి, అన్నం తింటూ ఫోన్లో విదేశీ సీటు సంపాదించింది.

ఇంట్లో మేమిద్దరమే. బోయిగూడలో మేడ మీద రెండు గదులు, ముందు చిన్న వసారా. మా తాతగారు ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నాన్న నేను ఎనిమిదో తరగతిలో ఉండగా పోయారు. అమ్మ యాప్రాల్ దగ్గర వినబడని పిల్లల బడిలో ఇరవై రెండేళ్లుగా టీచరు. నేను ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిముల విభాగంలో పని చేస్తాను. అంటే, జనం తమకు జరిగిన నష్టాన్ని ఫారంలో సరిగ్గా రాయలేదని తిప్పి పంపడం నా ఉద్యోగం. ఈ మాట గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే తరువాత జరిగినదంతా చూస్తే నాది ఆ ఉద్యోగమన్న అనుమానం మీకు రాదు.

“నీకెందుకమ్మా ఈ వయసులో చదువు?” అని అడిగాను. అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

“మా దగ్గరికి పిల్లలు ఏడేళ్లకీ ఎనిమిదేళ్లకీ వస్తారే. అప్పటిదాకా ఎవరూ వాళ్లతో మాట్లాడి ఉండరు. ఆకలేస్తే ఆకలి అని చెప్పడానికి కూడా ఒక గుర్తు ఉండదు వాళ్లకి. గోడకేసి తల కొట్టుకుంటారు. ఏడాది వయసులోనే మొదలుపెట్టి ఎలా నేర్పాలో ఆ కోర్సులో చెబుతారంట. నాకది నేర్చుకోవాలని ఉంది,” అంది. అమ్మ నోట ‘నాకు ఫలానాది చేయాలని ఉంది’ అన్న మాట వినడం నాకు అదే మొదలు. కాబట్టి వెళ్లాల్సిందే అని అప్పటికప్పుడు తేల్చేశాను.

తేల్చాక ఫీజు ఎంతో చూశాం. చూసి ఇద్దరం ఒకేసారి కాగితం బోర్లా పెట్టాం. కాసేపయ్యాక మళ్లీ తిప్పి చూస్తే, ఫీజు కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది. ఇతర దేశాల నుంచి వచ్చే టీచర్లలో నిజంగా స్తోమత లేనివారు ఆర్థిక సహాయానికి దరఖాస్తు చేసుకోవచ్చు, ఇస్తే ఫీజు, హాస్టలు, తిండి అన్నీ అందులోనే. అది వస్తే అమ్మ వెళుతుంది, రాకపోతే వెళ్లదు. సీటు వచ్చే ఏడాదికి దాచిపెట్టరట. బడిలో సెలవు ఇస్తామన్నది కూడా ఈ ఒక్క ఏడాదికే.

దరఖాస్తుకు మూడు కావాలన్నారు. కుటుంబ పరిస్థితి వివరిస్తూ అమ్మ స్వయంగా రాసిన వ్యాసం, మా కుటుంబం గురించి తెలిసిన పెద్దమనిషి ఉత్తరం, జీతం స్లిప్పు. “ఇదంతా నాకు వదిలెయ్యి, రోజూ నేను చేసే పనే కదా,” అన్నాను, కుర్చీలో వెనక్కి వాలి.

వ్యాసం అమ్మ రెండు మధ్యాహ్నాలు కూర్చుని రాసింది. అందులో ఏం జరిగిందో చెప్పాలంటే మా చర్చిలో సాక్ష్యం అంటే ఏమిటో ముందు చెప్పాలి. ఆదివారం ప్రసంగానికి ముందు ఎవరో ఒకరు లేచి, తమకు వచ్చిన కష్టం, దేవుడు దాన్నుంచి గట్టెక్కించిన విధం అందరికీ చెబుతారు. దీనికి రాయని నియమాలు చాలా ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది, కష్టం తీరాకే లేవాలి. జబ్బు నయమయ్యాక, ఉద్యోగం దొరికాక, అల్లుడు తాగుడు మానేశాక. తీరని కష్టం సాక్ష్యం కిందికి రాదు. అది ప్రార్థన అంశం. దాన్ని చీటీ మీద రాసి, పేరు పెట్టకుండా, అయ్యగారి, అంటే మా పాస్టరుగారి చేతిలో మెల్లగా పెట్టాలి.

ఈ విద్యలో మా అమ్మ ఆరితేరింది. ఆమె సాక్ష్యానికి లేచిందంటే ముందు వరుసవాళ్లు కర్చీఫులు బయటికి తీస్తారు. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగి కళ్లజోడు సర్దుకోవాలో ఆమెకు తెలుసు. దరఖాస్తు వ్యాసాన్ని కూడా ఆమె అదే చేత్తో రాసింది. నాన్న పోయిన రోజు వచ్చింది. నా స్కూలు ఫీజు కట్టలేక గేటు దగ్గర నిలబడిన రోజు వచ్చింది. గ్యాసు అయిపోయి మూడు రోజులు బన్నులు తిన్న సంగతి కూడా వచ్చింది. అన్నీ అయ్యాక చివరి పేరాలో, “అయితే ఆయన కృప వలన వాటన్నిటి నుంచి బయటపడ్డాము. ఈనాడు మాకు ఏ కొదువా లేదు,” అని ఇంగ్లీషులో చక్కగా రాసి, కింద సంతకం పెట్టింది.

చదివి నేను ఏడ్చాను. క్లెయిముల విభాగంలో నాలుగేళ్లు పనిచేసిన నేను, డబ్బు సహాయం అడుగుతున్న కాగితం చివర ‘మాకేమీ అక్కర్లేదు’ అని ఉన్న సంగతి గమనించకుండా, ముక్కు తుడుచుకుంటూ దాన్ని అప్‌లోడ్ చేశాను.

పెద్దమనిషి ఉత్తరానికి పద్మారావు నగర్‌లో ఉండే మా అయ్యగారి దగ్గరికి వెళ్లాను. నాకు బాప్తిస్మమిచ్చింది ఆయనే, నేను ఏ ఆదివారం ఆలస్యంగా వచ్చానో గుర్తుపెట్టుకునేదీ ఆయనే. కుటుంబం గురించి ఉత్తరం కావాలనగానే ఆయన ముఖం వెలిగిపోయింది. “ఎన్నాళ్లకు అడిగావమ్మా!” అన్నారు. ఆ సంతోషం ఎందుకో నాకప్పుడు తట్టలేదు. అరగంటలో తన కంప్యూటర్ మీద ఇంగ్లీషులో ఉత్తరం తయారు చేసి, ముద్ర వేసి, కవర్లో పెట్టి అంటించి ఇచ్చారు. నేను జిరాక్సు షాపులో ఆ కవరు చింపి, ఉత్తరం స్కాన్ చేయించి, మొదటి రెండు లైన్లు చూసి పంపేశాను.

జీతం స్లిప్పు అడిగితే అమ్మ బీరువాలోంచి ఒకటి తీసి ఇచ్చింది. దాని మీద తేదీ ఏమిటో కూడా నేను చూడలేదు.

మూడు వారాలకు జవాబొచ్చింది. ఎంతో మర్యాదగా ఉంది. మీ కుటుంబం సుఖంగా, స్థిరంగా ఉందని మీ వ్యాసం ద్వారా తెలిసి చాలా సంతోషించాం, మీ మతగురువు ఉత్తరం కూడా అదే ధ్రువీకరిస్తోంది, కాబట్టి సహాయం అవసరమైన ఇతరుల వైపు మొగ్గు చూపక తప్పడం లేదు. మేము పొరబడి ఉంటే పది రోజుల్లో మళ్లీ రాయండి, అటుపైన వీడియోలో మాట్లాడదాం. కింద ఇంకొక వాక్యం. ‘ఉత్తరం చివర మీ మతగురువు దీవించిన ఇద్దరు వ్యక్తులు ఎవరో మాకు తెలియలేదు.’

అప్పుడు ఉత్తరం మొత్తం చదివాను. ఇది క్రమశిక్షణ గల కుటుంబం. సొంత ఇల్లు ఉన్నది. అప్పులు లేవు. తాగుడు, పొగ అలవాట్లు లేవు. అమ్మాయి ఉద్యోగం చేస్తున్నది, వంట వచ్చును, నెమ్మదస్తురాలు. ఎవరి ముందూ చేయి చాపి ఎరుగరు. ఈ ఇరువురి కలయికను దేవుడు నిండుగా ఆశీర్వదించును గాక.

అయ్యగారు నా పెళ్లికి ఉత్తరం రాసిచ్చారు. ఆ విధంగా మా అమ్మకూ ఒక బ్రిటిష్ యూనివర్సిటీకీ సంబంధం కుదిరి, కట్నం దగ్గర చెడింది.

ఫోన్ చేస్తే ఆయన చాలా బాధపడ్డారు. “కుటుంబం గురించి ఉత్తరమంటే ఇంకేముంటుందమ్మా? ముప్ఫై ఏళ్లుగా నేను రాసేవన్నీ అవే. మీ వాళ్లు బీదవాళ్లని రాస్తే సంబంధం ఎవరిస్తారు?” అన్నారు. ఆయన వైపు నుంచి చూస్తే తప్పు లేదు. వెంటనే ఇంకో ఉత్తరం రాసి పంపారు కూడా, అందులో మేము బీదవాళ్లమని ఒప్పుకోవడానికి ఆయన పడ్డ తంటాలు ప్రతి వాక్యంలోనూ కనబడ్డాయి.

అమ్మ మాత్రం జవాబు చదివి కాగితం మడిచేసింది. “దేవుని చిత్తం కాదేమోనే,” అంది.

“దేవుడి చిత్తం సంగతి నాకు తెలియదు గానీ, ఇది నీ వ్యాకరణం,” అన్నాను కోపంగా. నాకు కోపం వస్తే మాట ముందు, ఆలోచన తర్వాత. “ఏ కష్టం చెప్పినా అయిపోయిందనే చెబుతావు. కష్టం అయిపోతే వాళ్లు డబ్బులెందుకిస్తారు?”

“ఇప్పుడేం కష్టముందే మనకి? తింటున్నాం, ఉంటున్నాం.”

ఈ వాదన నడుస్తుండగా ఎదురింటి టైలర్ ఆంటీ మెట్లెక్కి వచ్చింది. కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి వచ్చానంటుంది గానీ, మా ఇంట్లో గొంతులు లేస్తే ఆమెకు ఇవ్వాల్సిన జాకెట్టు ఏదో ఒకటి దొరుకుతుంది. ఇద్దరు పిల్లల్ని గవర్నమెంటు స్కాలర్‌షిప్పుల మీదే డిగ్రీ దాకా చదివించింది. ఆదాయం సర్టిఫికెట్టు కోసం ఎన్ని ఆఫీసులు తిరగాలో ఏ కిటికీ ముందు ఎంతసేపు నిలబడాలో ఆమెకు తెలిసినంతగా నాకు తెలియదు. వ్యాసం సంగతి వినగానే నెత్తి కొట్టుకుంది.

“ఏందక్కా గిట్ల రాసినవ్? పైసల్లేవని అడుగుతున్నవా, పైసలున్నయని చెప్తున్నవా? ఫారంల రెండే మాటలు రాయాలె. లేదు, గావాలె. గంతే. జెర ఎక్కువ రాస్తే చదివెటోళ్లు సుత పరేషాన్ అయితరు.”

“అలా ఎలా అడుగుతాం? మొహం చెల్లొద్దూ?” అంది అమ్మ.

“మొహం ఎవరు చూస్తున్నరక్కా? కాయిదం అడుగుతది.”

మర్నాటి నుంచి మా ఇంట్లో వ్యాకరణ యుద్ధం జరిగింది. నేను వర్తమానకాలంలో ఒక వాక్యం రాసేదాన్ని. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ ఎర్ర సిరాతో దాన్ని భూతకాలంలోకి లాగేసేది. ‘మాకు పొదుపు లేదు’ అని నేను రాస్తే, ‘పొదుపు లేకపోయినను ఏనాడూ ఇబ్బంది పడలేదు’ అయ్యేది. ‘ఈ ఫీజు నేను కట్టలేను’ అని రాస్తే, ‘కట్టలేనని మొదట భయపడ్డాను, కానీ’ అయ్యేది. ఆ ‘కానీ’ని నేను కొట్టేస్తే, కాగితం మీద చోటు లేదని పక్కన మార్జిన్లో రాసేది. ఒక సాయంత్రం విసిగిపోయి, “అమ్మా, నీకు కష్టాన్ని ఉన్నదున్నట్టు చెప్పడం అసలు వచ్చా?” అన్నాను. “చీటీ మీదైతే రాస్తాం కదే, పేరు లేకుండా,” అంది అమ్మ. ఆ మాటకు నాకు నవ్వొచ్చింది. నవ్వకుండా ఉండాల్సిందని తర్వాత అనిపించింది.

చివరికి తొమ్మిదో రోజున, ‘కానీ’లు రెండు మాత్రం మిగిలేలా రాజీ కుదిరింది. పంపాం. వారానికి వీడియో ఇంటర్వ్యూ ఖాయమైంది, మన సాయంత్రం నాలుగున్నరకి.

ఆ రోజు నేను ఆఫీసుకు సెలవు పెట్టాను. నాలుగింటికి గదిలోకి వస్తే అమ్మ క్రిస్మస్‌కి కట్టే పట్టుచీర కట్టుకుని, మెళ్లో గొలుసు వేసుకుని, పౌడరు రాసుకుని కూర్చుంది. ఆమె వెనక కిటికీకి కొత్త కర్టెను. టేబుల్ మీద ప్లాస్టిక్ పూల కుండీ. ఫ్రిజ్ మీద లేసు గుడ్డ.

టైలర్ ఆంటీ గుమ్మంలో నిలబడి గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. “సాయం అడిగెటోళ్లు పట్టుచీర కడ్తరా అక్కా?”

“మన ఇంటికి వచ్చే మనిషి ముందు పాత చీరతో కూర్చుంటామా?”

“ఇంట్లకు ఏడొస్తుంది, కంప్యూటర్లకొస్తుంది గానీ. ఆ గొలుసు తీయ్. ఏ బిడ్డా, ఆ ఫ్రిజ్జుని జెర అవతలికి జరుపు. నేను పాత దుప్పటి తెస్తా, కర్టెను జాగల కడ్దాం.”

“మా ఇంట్లో పాత దుప్పటి కిటికీకి కట్టేంత గతిలేనితనం ఏం లేదు!”

“గదే వద్దంటున్న, గదే చెప్పకు!” అని ఆంటీ అరిచింది.

ఆఖరికి గొలుసు పోయింది, పట్టుచీర నిలిచింది. ఫ్రిజ్ ఎక్కడిదక్కడే ఉంది, దాని తలుపు సరిగ్గా పడదని నాకు తెలుసు గానీ కెమెరాలో అది కనబడదు. నేను లాప్‌టాప్ వెనకాల స్టూలు మీద కూర్చున్నాను, ఆంటీ గుమ్మం దగ్గరే ఉండిపోయింది.

తెర మీద నెరిసిన జుట్టుతో ఒక పెద్దావిడ వచ్చింది. ఆమె కూడా వినబడని పిల్లలకు చాలాకాలం పాఠాలు చెప్పిన మనిషేనట. నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడింది. మాటలు ఇంగ్లీషులోనే జరిగాయి, నేను తెలుగులో చెబుతున్నాను.

ముందు బడి గురించి అడిగింది. అమ్మ అందుకుంది. అమ్మకు ఒక అలవాటుంది. ఇరవై రెండేళ్లుగా నోటితో చెప్పే ప్రతిదీ చేతులతో కూడా చెప్పడం వల్ల, ఎవరితో మాట్లాడుతున్నా ఆమె చేతులు ఊరుకోవు. కూరగాయలవాడితో బేరమాడేటప్పుడు కూడా అంతే, అందుకే మొండా మార్కెట్లో ఆమెను అందరూ గుర్తుపడతారు. ఒక పిల్ల తన పేరుకు గుర్తు మొదటిసారి నేర్చుకున్న రోజు గురించి చెబుతుంటే ఆ చేతులు తెర నిండా తిరిగాయి. ఆ పిల్ల రోజంతా ఆ గుర్తునే గోడకూ బల్లకూ కుక్కకూ చూపించిందట, ‘ఇది నేను, ఇది నేను’ అని. నేను ఎన్నడూ వినని కథ. అవతలి ఆవిడ కుర్చీలో ముందుకు జరిగింది.

అలా పావుగంట. అంతా బాగుందనుకుంటుండగా ఆవిడ, “ఇప్పుడు మీ పరిస్థితి చెప్పండి. మీకు ఈ సహాయం ఎందుకు కావాలి?” అని అడిగింది.

అమ్మ కళ్లజోడు సర్దుకుంది. చిరునవ్వు నవ్వింది. “మేము బాగానే ఉన్నాం మేడమ్. దేవుని దయ వల్ల మాకు ఏ కొదువా లేదు.”

నేను రెండు చేతులతో తల పట్టుకున్నాను. ఇంగ్లీషు రాని ఆంటీకి నా ముఖం చూడగానే మొత్తం అర్థమైంది. “పాయె,” అని గొణిగింది.

తెర మీద ఆవిడ చూపు అమ్మ చేతుల మీదికి దిగింది. ఆ తర్వాత మెల్లగా, “మీరు ఇందాకటి నుంచి చెప్పిన ప్రతి మాటకూ మీ చేతులు కదిలాయి. ఈ మాటకు మాత్రం కదల్లేదు. ఎందుకని?” అంది.

అమ్మ తన చేతుల వైపు చూసుకుంది. ఒడిలో ఒకదాని మీద ఒకటి పెట్టుకుని ఉన్నాయి.

“మా పిల్లలు మాట వినరు కదా మేడమ్, ముఖం చూస్తారు, చేతులు చూస్తారు. అబద్ధమైతే ఇట్టే పట్టేస్తారు. అందుకని చేతులకు ఆ అలవాటు కాలేదు.”

“అయితే ముందు చేతులతోనే చెప్పండి. నోటితో తర్వాత చెబుదురు గాని.”

అమ్మ చేతులు పైకి లేచాయి. కాసేపు గాలిలో ఆగి, తర్వాత మొదలయ్యాయి. వాళ్ల సంజ్ఞలు వేరట, మనవి వేరట, అయినా ఆవిడ కళ్లార్పకుండా చూసింది. నాకు ఒక్కటీ అర్థం కాలేదు. పుట్టినప్పటి నుంచి ఆ చేతుల పక్కనే పెరిగాను, వాటి భాష నేర్చుకోవాలని ఎన్నడూ అనుకోలేదు. చేతులు ఆగాక అమ్మ నోటితో చెప్పింది. సాక్ష్యం చెప్పే గొంతు కాదది, చీటీ చదువుతున్నట్టు ఉంది.

“జీతం రావడం లేదు. వానాకాలం నుంచి రావడం లేదు. బడికి విరాళాలు ఇచ్చేవాళ్లు తగ్గిపోయారు, పిల్లల భోజనానికి పోగా టీచర్లకు మిగలడం లేదు. నేను మానడం లేదు, ఎందుకంటే పిల్లలు వస్తున్నారు. మా అమ్మాయికి చెప్పలేదు. ఇల్లు ఆమే నడుపుతోంది, మంచి పిల్ల. నేను అడిగితే ఇస్తుంది. నాకు అడగడం రావడం లేదు. బస్సు దిగి ఆటో ఎక్కకుండా నడుస్తున్నాను. చెప్పులు తెగిపోయాయి. అమ్మాయి ఎప్పుడైనా చూస్తుందని వాటిని గుమ్మం దగ్గర, తన చెప్పుల పక్కనే పెడుతున్నాను. ఇంకా చూడలేదు.”

అక్కడితో ఆపింది. ‘కానీ’ లేదు, చివర స్తోత్రం లేదు. ఆవిడ థాంక్యూ చెప్పింది, ఇద్దరూ చేతులూపుకున్నారు, తెర నల్లబడింది.

“ఏమన్నది? అక్క ఏమన్నది?” అని ఆంటీ నన్ను కుదిపింది. లేచి గుమ్మం దగ్గరికి వెళ్లాను. నా చెప్పుల పక్కన అమ్మ చెప్పులున్నాయి. ఒకదాని పట్టీ నల్లదారంతో రెండు చోట్ల కుట్టి ఉంది, ఇంకోదానికి పిన్నీసు. రోజూ పొద్దున నేను వాటి మీదుగా కాలు చాపి నావి తొడుక్కుంటున్నాను. ఊళ్లోవాళ్ల నష్టాలన్నీ ఫారాల్లో వెతికే నాకు, నా ఇంటి గుమ్మంలో కాలికి తగిలే నష్టం కనబడలేదు.

వెంటనే బజారుకు పరుగెత్తాను. షాపతను అమ్మగారి సైజెంత అని అడిగాడు. ఏడు అన్నాను, చాలా ధీమాగా. ఇంటికొచ్చాక అమ్మ అవి తొడుక్కుని గది ఈ మూల నుంచి ఆ మూలకు నడిచింది. అడుగడుగునా మడమ వెనక ఇంకో రెండు వేళ్ల చెప్పు మిగిలింది.

“ఇందులో మనిద్దరం పడతామే,” అని పకపకా నవ్వింది. ఆమెది ఐదో సైజట. నేను మాత్రం నవ్వలేకపోయాను. మర్నాడు ఆమెనే వెంటబెట్టుకుని వెళ్లి మార్పించాను. షాపులో ఏది కావాలమ్మా అంటే, “ఏదైనా పర్లేదు,” అంది. అంత తొందరగా మారతారా మనుషులు!

జవాబు నెలకొచ్చింది. అమ్మ బడి నుంచి వచ్చేదాకా తెరవకుండా ఆగాను. ఆగానంటే, మూడుసార్లు తెరవబోయి ఆగాను. ఆమె ముఖం కడుక్కుని వచ్చి కూర్చుని, ఫోను దూరంగా పట్టుకుని చదివింది. ఫీజు మొత్తం మాఫీ. హాస్టలు, భోజనం వాళ్లవే. చదువుతున్న అమ్మ పెదాలు కదులుతున్నాయి గానీ శబ్దం రావడం లేదు. కిందికొచ్చేసరికి పెదాలు ఆగాయి. విమానం టికెట్టు మాత్రం విద్యార్థి సొంతంగా చూసుకోవాలి.

కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని ఆ వాక్యం ఇంకోసారి చదివింది. నాకు తెలిసిన మా అమ్మ అయితే ఇక్కడ, “ఆయనే ఏదో దారి చూపిస్తాడులే,” అని లేచి వంటింట్లోకి వెళ్లిపోవాలి. తర్వాత ఒక నెలంతా ఆ కాగితం నా కంటబడే చోటల్లా పెడుతూ తిరగాలి. నేను ఎదురుచూస్తున్నాను. నేనే ముందు అనేద్దామా అని నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టి ఊరుకున్నాను.

అమ్మ ఫోను కింద పెట్టింది. నా వైపు తిరిగింది. చేతులు ఒడిలోంచి లేచాయి.

“టికెట్టు నువ్వు కొనిపెట్టాలే. నా దగ్గర లేవు,” అంది.

ఇరవై ఏడేళ్లలో మా అమ్మ నన్ను అడిగిన మొదటి వస్తువు అది. నాకెంత సంతోషమైందంటే, నవ్వుదామని నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. “కొంటానమ్మా, కొంటాను,” అని మాత్రం అనగలిగాను.

“ఏడుపెందుకే, విను,” అని అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది. “కిటికీ పక్క సీటు కావాలి నాకు. దానికి వేరే డబ్బులు కట్టాలంట. అవి కూడా నువ్వే కట్టు.”